శ్రీకాకుళం పెరట్లో అబ్జర్వేటరీ: ధ్రువ నక్షత్రాన్ని వదులుకుని దక్షిణాన్ని దక్కించుకున్న చోటు

గార మండలంలో ఒక ఊరి చివర 20 సెంట్ల ఆవరణ. తూర్పు పడమరలు 66 అడుగులు, ఉత్తర దక్షిణాలు 132 అడుగులు. ఉత్తరాన రోడ్డు, రోడ్డుకు 15 అడుగులు వదిలి 40 × 35 అడుగుల డాబా ఇల్లు, ఇంటి వెనక 82 అడుగుల పెరడు. పడమటి గోడ వెంట నాలుగు కొబ్బరి చెట్లు, నైరుతి మూల ఒక మామిడి. దక్షిణపు గోడ అవతల వరి మడులు, వాటి అవతల తాటి వరస, ఆ పైన సముద్రం దాకా పొలాలే. ఇంటివారి దగ్గర 8 అంగుళాల ష్మిట్ కాసెగ్రెయిన్ (పొట్టి గొట్టపు అద్దాల) టెలిస్కోపు, దానికి ఈక్వటోరియల్ మౌంటు, అంటే అక్షాన్ని ధ్రువానికి గురిపెడితే నక్షత్రాల వెంట తిరిగే స్టాండు, ఉన్నాయి. కప్పు జరిగిపోయే 10 × 10 అడుగుల గది కట్టాలని, అందులో టెలిస్కోపు ఏడాది పొడుగునా ఒకేచోట స్థిరంగా ఉండాలని వారి కోరిక. గది కట్టడం వెల్డింగ్ తెలిసిన ఎవరైనా చేస్తారు. ఎక్కడ కట్టాలన్నదే అసలు పని, ఈ కేసులో సలహా ఇవ్వడానికి వెళ్లిన మాకు ఎక్కువ సమయం దానికే పట్టింది.

సొంత ఆవరణలో వేధశాల కట్టుకోవడం ఈ తీరానికి కొత్త కాదు. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో తన సొంత ఖర్చుతో ఒకటి నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించి 1874 నాటి శుక్ర గ్రహ సంక్రమణాన్ని (శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని) పరిశీలించారు. అప్పటి వారికి వీధి దీపాల బెడద లేదు. అక్షాంశం మాత్రం మనకూ వారికీ దాదాపు ఒకటే, చోటు ఎంపిక మొత్తం ఆ అక్షాంశం చుట్టూనే తిరుగుతుంది.

18 డిగ్రీలు తెచ్చే చిక్కు

శ్రీకాకుళం అక్షాంశం సుమారు 18.3 డిగ్రీలు. అంటే ధ్రువ నక్షత్రం ఉత్తర దిగంతానికి 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఇంగ్లండులోనో కెనడాలోనో రాసిన పుస్తకాలు "ధ్రువ నక్షత్రం కనిపించే చోటు ఎంచుకోండి" అని మొదటి పేజీలోనే చెబుతాయి. అక్కడ అది 50 డిగ్రీల ఎత్తున ఉంటుంది, ఇంటి కప్పు మీదుగా హాయిగా కనిపిస్తుంది. మన దగ్గర 40 అడుగుల కొబ్బరి చెట్టు ఉత్తరాన ఉంటే, టెలిస్కోపు నేల నుంచి 6 అడుగుల ఎత్తున ఉందనుకుంటే, ధ్రువ నక్షత్రం ఆ చెట్టు మొవ్వ పైన కనిపించడానికి చెట్టుకు 103 అడుగుల దూరం జరగాలి. 20 సెంట్లలో అంత దూరం ఎక్కడ దొరుకుతుంది?

ఆ 18 డిగ్రీలే దక్షిణాన మనకు పెద్ద సంపద ఇస్తుంది. ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం నడిరేఖ (ఉత్తర దక్షిణాలను నడినెత్తి మీదుగా కలిపే గీత) దాటేటప్పుడు 24 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అగస్త్య నక్షత్రం 19 డిగ్రీలు, ఈటా కరీనా నెబ్యులా (వాయువు, ధూళి మేఘం) 12, త్రిశంకు మండలంలో అడుగు నక్షత్రం 8.6. ఉత్తర యూరపు వాళ్లు విమానం ఎక్కితే తప్ప చూడలేని ఆకాశం ఇది. పైగా గార వైపు నుంచి చూస్తే దక్షిణం, ఆగ్నేయం రెండూ బంగాళాఖాతం వైపే. అటు పట్టణం లేదు, పట్టణపు వెలుగూ లేదు. శ్రీకాకుళం పట్టణం పడమటి వైపు, కాస్త దక్షిణానికి ఒరిగి 255 డిగ్రీల దిశలో ఉంది, నరసన్నపేట, జాతీయ రహదారి ఉత్తరాన ఉన్నాయి.

ఇక్కడ రుతువుల సంగతి కూడా కలపాలి. దీన్ని లెక్కలోకి తీసుకోని ప్లాన్లే ఎక్కువ చూస్తుంటాం. ధనుస్సు రాశి అర్ధరాత్రి నడిరేఖ మీదికి వచ్చేది జూన్ మూడో వారంలో, అప్పటికి నైరుతి రుతుపవనాలు దిగిపోతాయి. ఆకాశగంగలో అతి దట్టమైన భాగం, లగూన్ నెబ్యులా లాంటివి మనకు దక్కాలంటే మార్చి, ఏప్రిల్, మే నెలల తెల్లవారుజామునే చూడాలి. మార్చి మధ్యలో ఉదయం నాలుగున్నరకు లగూన్ నెబ్యులా ఆగ్నేయాన 39 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఏప్రిల్ 20 ప్రాంతంలో నాలుగు గంటలకు సరిగ్గా దక్షిణాన 47 డిగ్రీలకు చేరుతుంది. అక్టోబరు సాయంత్రాల్లో నైరుతిన మళ్లీ 33 డిగ్రీల దగ్గర కనిపిస్తుంది గానీ ఆ నెల తుపాన్ల నెల, దాన్ని నమ్ముకోలేం. కాబట్టి ఈ జిల్లాలో చోటు ఎంచుకునేవారు ముందు ఆగ్నేయం నుంచి దక్షిణం దాకా ఉన్న ఆకాశాన్ని కాపాడుకోవాలి. ఆ తర్వాత తూర్పు. పడమర, ఉత్తరాల కింది భాగం చివర. దేవయాని గెలాక్సీ 67 డిగ్రీల ఎత్తున, మృగశిర నెబ్యులా 66 డిగ్రీల ఎత్తున దాటుతాయి కాబట్టి వాటికి ఎక్కడ కట్టినా బెంగ లేదు.

దిగంతం కొలత

ఆవరణలో నాలుగు చోట్లు పరిశీలనకు వచ్చాయి: డాబా మీద, ఇంటి ముందు వాకిట్లో, పెరటి నడుమ, పెరటి చివర దక్షిణపు గోడ దగ్గర. కంటికి "బాగానే తెరిపిగా ఉంది" అనిపించడం మీద ఆధారపడకూడదు. ప్రతి చోటా టెలిస్కోపు ఉండబోయే ఎత్తుకు, అంటే నేల నుంచి 6 అడుగులకు, కన్ను పెట్టి దిగంతాన్ని ప్రతి 15 డిగ్రీలకూ ఒకసారి కొలవాలి. పెద్ద ప్రొట్రాక్టరుకు దారం కట్టి కొసన నట్టు వేలాడదీసి, పై అంచు వెంట స్ట్రా అతికిస్తే చాలు, అర డిగ్రీ తేడాలో ఎత్తు కోణం చెబుతుంది. 24 అంకెలు వస్తాయి. వాటిని ఆకాశాన్ని తెర మీద చూపే స్టెల్లేరియం ప్రోగ్రాంలో దిగంత రేఖగా ఎక్కిస్తే ఏ నెలలో ఏ వస్తువు ఎన్ని గంటలు కనిపిస్తుందో ఇంట్లో కూర్చునే చూడవచ్చు. ఫొటోలు తీసే నినా సాఫ్ట్‌వేరు కూడా అదే పట్టికను వాడుకుంటుంది.

దిక్కుల కోసం కంపాసు వాడితే అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ మన దగ్గర తేడా ఒక డిగ్రీ లోపే, అది పెద్ద సమస్య కాదు. ఇనుము సమస్య. బోరు పైపు, కిటికీ గ్రిల్లు, గోడలోని ఊచలు ముల్లును ఇష్టం వచ్చినట్టు తిప్పుతాయి. టెలిస్కోపును మోసే స్తంభం పునాదికి గీసే గీత మటుకు సూర్యుడి నీడతోనే గీయాలి. గార రేఖాంశం 84 డిగ్రీలు, మన గడియారం 82.5 డిగ్రీల రేఖను అనుసరిస్తుంది కాబట్టి స్థానిక మధ్యాహ్నం 6 నిమిషాలు ముందే వస్తుంది. డిసెంబరు 25 ప్రాంతంలో 11 గంటల 54 నిమిషాలకు తూకపు దారం నీడ నిజ ఉత్తరం చూపుతుంది. ఫిబ్రవరి మధ్యలో అయితే 12:08కి, నవంబరు మొదటి వారంలో 11:38కి. వేసవిలో ఈ పని పెట్టుకోకూడదు. మే రెండో వారంలోనూ జూలై చివరా సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మధ్య రోజుల్లోనూ దాని దగ్గరే ఉంటాడు. నీడే ఉండదు, గీత ఎలా గీస్తారు?

వెలుగు కొలతకు మీటరు కొననక్కరలేదు. అమావాస్య దగ్గరి రాత్రి, ఒకే అరగంటలో, ఒకే కెమెరాతో, ఐఎస్ఓ 1600, 20 సెకండ్లు, లెన్సు పూర్తిగా తెరిచి నాలుగు చోట్ల నుంచీ నడినెత్తినీ దక్షిణాన 25 డిగ్రీల ఎత్తునూ తీసి, హిస్టోగ్రాం (ఫొటోలో వెలుగు ఎంతో చూపే గ్రాఫు) గుట్ట ఎంత కుడికి జరిగిందో పోల్చితే సరి. నేరుగా పడే వెలుగుకు ఇంకా సులువైన పరీక్ష ఉంది: తెల్ల కాగితం పట్టుకుని దాని ముందు చెయ్యి ఆడించాలి. నీడ తెలుస్తోందంటే ఏదో దీపం నేరుగా తగులుతోంది. దీన్ని గోడో తడికో ఆపగలదు. ఆకాశమంతా పరుచుకున్న పట్టణపు వెలుగును ఏ గోడా ఆపలేదు. ఈ రెంటినీ విడివిడిగా చూడాలి.

డాబా ఎందుకు వద్దన్నాం

ఇంటివారు మొదట అడిగింది డాబానే. ఎత్తున ఉంటుంది, దిగంతం కిందికి దిగుతుంది, దొంగల భయం తక్కువ. కానీ పగలంతా ఎండ తాగిన శ్లాబు అర్ధరాత్రి దాటేదాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడి గాలి టెలిస్కోపు ముందు నుంచే లేస్తుంది. శని వలయాల్లో చీలిక కనిపించాల్సిన రాత్రి కూడా గ్రహం మరుగుతున్న నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది. ఇక కదలిక. మీటరు పొడవు మీద ఒక ఆర్క్ సెకండు వంపు అంటే 5 మైక్రాన్లు. 12 అడుగుల స్పాను ఉన్న శ్లాబు మీద మనిషి అటు నుంచి ఇటు నడిస్తే వంగేది అంతకన్నా చాలా ఎక్కువ. దూలం మీదో పిల్లరు మీదో స్తంభం నిలబెడితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. అన్నిటికన్నా ముఖ్యం గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరానికి ఏం చేశాయో తెలిసినవారెవరూ డాబా మీద జరిగే కప్పు పెట్టమని సలహా ఇవ్వరు.

వాకిలి రెండో ప్రతిపాదన. అక్కడి నుంచి ధ్రువ నక్షత్రం శుభ్రంగా కనిపిస్తుంది, అదొక్కటే దాని గుణం. వెనక్కి తిరిగితే 8 అడుగుల దూరంలో ఇల్లు. పిట్టగోడతో కలిపి 14 అడుగుల ఎత్తు, అంటే దక్షిణాన 45 డిగ్రీల దాకా ఆకాశం మూతపడుతుంది. ఒమేగా సెంటారీ, త్రిశంకు పూర్తిగా పోతాయి, ధనుస్సు గోడ అంచున తచ్చాడుతుంది. పైగా ఈశాన్య మూల రోడ్డు మీద పంచాయతీ ఎల్ఈడీ దీపం. ఈశాన్యంలో రెండు టన్నుల కాంక్రీటు దించడానికి ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఒప్పుకోలేదు. బరువు దక్షిణం వైపు ఉండాలన్న వారి పట్టింపు ఈసారి ఆకాశం లెక్కతో కలిసివచ్చింది. ఇలాంటివి మొదటే అడిగి తెలుసుకోవాలి. పునాది తవ్వాక వచ్చే అభ్యంతరం ఎవరికీ మంచిది కాదు.

పెరటి చివర చోటు దిగంతం పట్టికలో అన్నిటికన్నా ముందుంది. కానీ అక్కడ నేల పల్లం, మడి గట్టును ఆనుకుని ఉంది. మూడు అడుగుల గొయ్యి తీసి చూస్తే నల్ల రేగడి. తడి మట్టిని అరచేతుల మధ్య నలిపితే పెన్సిలు కన్నా సన్నని తాడుగా విరగకుండా సాగింది. అలాంటి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, ఏటా స్తంభాన్ని ఒరగదోస్తుంది. అక్టోబరులో మడుల నీరు గోతిలోకే ఊరుతుంది. శీతకాలంలో చల్లగాలి పల్లానికే జారుతుంది కాబట్టి మంచు కూడా అక్కడే ముందు పడుతుంది. ఇంట్లోంచి 75 అడుగుల కేబులు, పాముల భయం అదనం.

నిలిచిన చోటు

మిగిలింది పెరటి నడుమ. ఇంటి వెనక గోడకు 30 అడుగులు దక్షిణంగా, ఆవరణ మధ్య గీతకు 10 అడుగులు తూర్పుగా స్తంభం కేంద్రం. ఇల్లు కట్టినప్పుడు ఎర్ర గ్రావెలు పోసి మెరక చేసిన నేల, మడి కన్నా 2 అడుగులు ఎత్తు. గోతిలో నింపిన నీళ్లు పూట తిరిగేసరికి ఇంకిపోయాయి.

ఇక్కడి నుంచి కొలతలు ఇలా వచ్చాయి. దక్షిణాన తాటి వరస 150 మీటర్ల దూరంలో, 5 డిగ్రీలు. త్రిశంకు అడుగు నక్షత్రానికి ఇంకా మూడున్నర డిగ్రీల ఖాళీ ఉంది. నైరుతిన మామిడి 17 డిగ్రీలు. తూర్పున పక్కింటి సిమెంటు రేకుల కప్పు 9 డిగ్రీలు. పడమట కొబ్బరి వరస 245 డిగ్రీల దిశ నుంచి 310 దాకా, దగ్గరి చెట్టు దగ్గర 38 డిగ్రీల ఎత్తు. మొదట ఇది చూసి ఇంటివారు రెండు చెట్లు కొట్టేద్దామన్నారు. అక్కరలేదని గట్టిగా చెప్పాం. శ్రీకాకుళం పట్టణపు వెలుగు వచ్చేది సరిగ్గా ఆ దిశలోనే, ఆ ఆకాశం ఎలాగూ బూడిద రంగులో ఉంటుంది. కొబ్బరి మట్టలు దాన్నే కప్పుతున్నాయి. పోయేది ఏమిటంటే సాయంత్రం పడమట కనిపించే బుధుడు, శుక్రుడు, నెలవంక, సూర్యుడి దగ్గర తిరిగే తోకచుక్కలు. వాటికి చిన్న ట్రైపాడు డాబా మీదికి తీసుకెళ్తే సరిపోతుంది, అప్పుడు శ్లాబు వేడి అంత పట్టించుకోనక్కరలేదు.

ఉత్తరాన పిట్టగోడ 15 డిగ్రీలు. కానీ మెట్ల గది 21 అడుగుల ఎత్తు, సరిగ్గా స్తంభానికి ఎదురుగా ఉంది, అది 27 డిగ్రీల దాకా కప్పుతుంది. ధ్రువ నక్షత్రం దాని వెనకే ఉండిపోతుంది. స్తంభాన్ని 12 అడుగులు పడమరకు జరిపితే మెట్ల గది పక్కకు తప్పుకుని, పిట్టగోడ మీద మూడు డిగ్రీల ఎత్తున ధ్రువ నక్షత్రం కనిపించేది. అలా జరిపితే కొబ్బరి చెట్లు 31 అడుగులకు దగ్గరవుతాయి, అడ్డు 48 డిగ్రీలకు పెరుగుతుంది. 40 అడుగుల చెట్టు పడితే మాను నేరుగా స్తంభం మీదికి వస్తుంది. ఇప్పుడున్న 43 అడుగుల దూరంలో చెట్టు పడినా స్తంభానికి చేరదు, మొవ్వ మట్టలు గది అంచును తాకవచ్చు అంతే. ఉద్దానంలో తిత్లీ పడగొట్టిన కొబ్బరి తోటలు చూసినవారికి ఈ లెక్క వివరించాల్సిన పని లేదు. తూర్పుకు జరపాలంటే బోరు బాగుచేసే లారీకి గోడ వెంట 12 అడుగుల దారి వదలాలి, పక్కింటి రేకుల వేడి కూడా దగ్గరవుతుంది. అందుకే ధ్రువ నక్షత్రాన్ని వదులుకోవాలని నిర్ణయం.

అది లేకుండా మౌంటును ధ్రువానికి ఎలా గురిపెడతారన్నది అందరూ అడిగే ప్రశ్న. స్తంభం శాశ్వతం కాబట్టి గురి పెట్టేది ఒక్కసారే, ఒక రాత్రంతా దానికి కేటాయించవచ్చు. కెమెరా ఉంటే, మూడు చోట్ల ఫొటోలు తీసి గురి తప్పును లెక్కగట్టే నినాలోని మూడు బిందువుల పద్ధతి ఆకాశంలో ఏ భాగం నుంచైనా పనిచేస్తుంది. కెమెరా లేకపోతే పాత డ్రిఫ్ట్ పద్ధతి. అడ్డగీతలున్న ఐపీసు (కన్ను పెట్టే కటకం) పెట్టి, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీతకు) దగ్గరగా ఉండి నడిరేఖ మీద ఉన్న నక్షత్రాన్ని చూస్తూ ఉండాలి. అది దక్షిణానికి జారుతుంటే అక్షం తూర్పుకు ఎక్కువ తిరిగి ఉన్నట్టు, ఉత్తరానికి జారితే పడమరకు. తర్వాత తూర్పున 25 డిగ్రీల ఎత్తులో ఉన్న నక్షత్రం. అది దక్షిణానికి జారితే అక్షం కిందికి వంగినట్టు, ఉత్తరానికి జారితే పైకి లేచినట్టు. పది నిమిషాల్లో జరుగుడు కనిపించనంత దాకా రెండిటినీ మార్చి మార్చి సరిచేయాలి.

ధ్రువ నక్షత్రం మీద ఆశ వదులుకున్నాక మిగతా నిర్ణయాలు చకచకా కుదిరాయి. కప్పు జరిగేది ఉత్తరానికి. తెరిచినప్పుడు దాని శిఖరం టెలిస్కోపుకు 27 డిగ్రీల ఎత్తు దాకా అడ్డొస్తుంది, మెట్ల గది ఇప్పటికే కప్పిన మేరకే. కొత్తగా పోయే ఆకాశం దాదాపు లేదు. పడమరకు జరిపినా అడ్డు లెక్కలో తేడా లేదు గానీ, అప్పుడు తెరిచిన కప్పు చెట్లకు 28 అడుగుల దగ్గరికి వెళ్తుంది, గాలికి ఎగిరే మట్టలు దాని మీద పడతాయి.

స్తంభం, పునాది

పోసిన గ్రావెలు 2 అడుగులు ఉంది కాబట్టి పునాది దాన్ని దాటి గట్టి నేలలోకి దిగాలి. 2.5 × 2.5 అడుగుల గొయ్యి, 4 అడుగుల లోతు, 25 ఘనపుటడుగులు. 1:1.5:3 పాళ్లలో ఆరు బస్తాల సిమెంటు, 10.5 ఘనపుటడుగుల ఇసుక, 21 ఘనపుటడుగుల 20 ఎంఎం కంకర, బస్తాకు 25 లీటర్ల నీరు మించకుండా. బరువు 1.7 టన్నులు. అడుగున వంకీ ఉన్న నాలుగు 20 ఎంఎం జె-బోల్టులను ప్లైవుడ్ మూసలో బిగించి, నీడతో గీసిన ఉత్తర రేఖకు మూస అంచును కలిపి, అప్పుడు పోయాలి. కాంక్రీటు వేస్తూ బోల్టులు గుచ్చితే ఒకటి తప్పకుండా ఒరుగుతుంది, బేసు ప్లేటు కూర్చోదు. 14 రోజులు తడపడం, 28 రోజుల తర్వాతే బరువు.

స్తంభం 6 అంగుళాల హెవీ క్లాసు పైపు, అడుగున 12 అంగుళాల చదరం, 16 ఎంఎం మందం ప్లేటు, నాలుగు వైపులా గస్సెట్లు, అంటే ముక్కోణపు ఊత ప్లేట్లు. లోపల పొడి ఇసుక నింపితే గణగణ మోగడం తగ్గుతుంది. దీనికన్నా లావు పైపు పెట్టకండి. 18 డిగ్రీల అక్షాంశంలో మౌంటు అక్షం దాదాపు పడుకున్నట్టే ఉంటుంది, ఎదురు తూకం కడ్డీ నిలువుకు 18 డిగ్రీలే ఉత్తరానికి ఒరిగి స్తంభాన్ని రాసుకుంటూ తిరుగుతుంది. 10 అంగుళాల పైపు పెట్టినచోట తూకపు బిళ్లలు పైపుకు తగిలి మోటారు గేర్లు పాడవుతాయి. కొన్ని మౌంట్లు 20 డిగ్రీల కన్నా కిందికి వంగవు కూడా, కొనేముందే చూసుకోవాలి. గది నేల స్తంభానికి తగలకూడదు. చుట్టూ అంగుళం థర్మోకోలు పెట్టి నేల పోస్తే అడుగుల అదురు పైకి ఎక్కదు.

గది, గాలి, ఉప్పు

భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖపట్నానికి సెకండుకు 50 మీటర్ల గాలి వేగం ఇస్తుంది. ఈ తీరానికి అదే తీసుకున్నాం. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే 150 కిలోలు. చూరుతో కలిపి 11 × 11 అడుగుల కప్పు మీద పైకి లేపే బలం 1.7 టన్నులు. కప్పు బరువు 150 కిలోలే, చక్రాల మీద ఊరికే కూర్చుంటే ఎగిరిపోతుంది. అందుకని నాలుగు మూలలా 16 ఎంఎం టర్న్‌బకిళ్లు (తిప్పి బిగించే కొక్కేలు) కప్పును ఫ్రేముకు లాగి పట్టాలి. ఆ ఫ్రేమును ఆరు ఫుటింగులు నేలకు పట్టాలి. ఒక్కోటి 1.5 × 1.5 × 2.5 అడుగులు, ఆరూ కలిపి 2.3 టన్నులు. ఫ్రేము బరువుతో కలిపితే లేపే బలానికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. తుపాను హెచ్చరిక వస్తే టెలిస్కోపును ఇంట్లోకి తెచ్చేయాలి, గదిని మాత్రమే గాలికి వదలాలి.

గోడలు ఇటుకతో వద్దు, వేడి దాచుకుంటాయి. 50 ఎంఎం చదరపు ట్యూబు ఫ్రేము, 8 ఎంఎం సిమెంటు ఫైబర్ బోర్డు. నేల మట్టానికి అడుగు ఎత్తు అరుగు. గోడ ఎత్తు 6 అడుగులు, టెలిస్కోపు అక్షం గది నేల నుంచి 5 అడుగులు. ఈ రెండు అంకెల వెనక తరచూ జరిగే ఒక పొరపాటు ఉంది. దిగంతం బాగా కనిపించాలని గోడ నాలుగడుగులే కడతారు. కప్పు ఉత్తరానికి జరిగేటప్పుడు దాని దక్షిణపు ముక్కోణపు గోడ టెలిస్కోపు మీదుగా పోవాలి. పడుకోబెట్టిన గొట్టం పై అంచు 5 అడుగుల 8 అంగుళాలు ఉంటే నాలుగడుగుల ఎత్తులో జరిగే గోడ దాన్ని నేరుగా ఢీకొంటుంది. గోడ ఆరడుగులు ఉంటే తప్పుతుంది. మరి దక్షిణ దిగంతం? దక్షిణపు గోడలో పై రెండడుగులు కీళ్లతో బయటికి వాలే తలుపుగా పెట్టాం. తూర్పు గోడ పూర్తి ఎత్తునే ఉంచాం. అది 11 డిగ్రీల దాకా కప్పుతుంది, పక్కింటి కప్పు ఎలాగూ 9 డిగ్రీలు కప్పింది, వారి వరండా బల్బు కూడా గోడ చాటుకు పోయింది. ఆ బల్బుకు కిందికే వెలుగు పడే రేకు టోపీ, పసుపు వెలుగు దీపం ఇంటివారు కొనిస్తామంటే పక్కింటివారు సంతోషంగా ఒప్పుకున్నారు. రోడ్డు మీది ఎల్ఈడీకి ఇల్లే అడ్డుగోడ.

పట్టాలు 20 అడుగుల పొడవు, బోర్లించిన 32 ఎంఎం యాంగిలు, స్లైడింగ్ గేట్లకు వాడే 3 అంగుళాల చక్రాలు వైపుకు మూడు. రెండు వైపులా గాడి చక్రాలు పెడితే పట్టాల మధ్య దూరంలో 3 ఎంఎం తేడా వచ్చినా కప్పు బిగుసుకుంటుంది. ఒకవైపు గాడి చక్రాలు, రెండోవైపు చదును పట్టా మీద చదును చక్రాలు పెడితే ఆ బాధ ఉండదు. మొదటి వర్షాకాలం ఏటవాలు జల్లు తూర్పు గోడకూ కప్పుకూ మధ్య సందులోంచి లోపలికి వచ్చింది. కప్పు అంచుకు 6 అంగుళాల రేకు పావడా కట్టాక ఆగింది. కొత్తగా కట్టేవారు దీన్ని మొదటే పెట్టుకోవాలి.

చెదల వల్ల చెక్క ఎక్కడా వాడలేదు. ఇనుముకు ఎపాక్సీ ప్రైమరు, రెండు పూతలు. సముద్రపు ఉప్పుకు మామూలు నట్లు ఒక్క సీజనులో పట్టేస్తాయి, అందుకే విప్పి బిగించేవన్నీ 316 గ్రేడు స్టెయిన్‌లెస్. కరెంటుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల ఆర్మర్డ్ కేబులు రెండడుగుల లోతున, నెట్ వైరుకు వేరే పైపు, గదిలో కరెంటు లీకయితే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఏప్రిల్ నుంచి పిడుగుల కాలం, పని అయ్యాక ప్లగ్గులు పీకి పక్కన పెట్టాలి. లెన్సుల మీద బూజు ఈ తీరంలో టెలిస్కోపులకు మొదటి శత్రువు. గదిలో తేమ 60 శాతం దాటకుండా చిన్న డీహ్యూమిడిఫయరు, గొట్టం మూతలో సిలికా జెల్ ఉండాలి, జెల్‌ను నెలకోసారి వేయించి ఆరబెట్టాలి. గాలి కంతలకు దోమతెర వేయకపోతే కందిరీగలు మౌంటులో గూడు పెడతాయి.

గది చుట్టూ సిమెంటు చేయిద్దామన్న మాట వస్తే ఆపండి. గడ్డి ఉన్న నేల మీద నుంచి దక్షిణం చూడటమే ఈ చోటు గొప్ప, దాన్ని చేజేతులా పోగొట్టుకోకూడదు.

మొదటి వర్షాకాలం తర్వాత నవంబరులో ధ్రువ గురి మళ్లీ పరీక్షించాలి. పునాది గట్టి నేల దాకా దిగినా, చుట్టూ పోసిన మట్టి కుదురుకుంటూ కొద్దిగా నెడుతుంది. ఇక్కడ మార్పు చిన్నదే, మౌంటు మరలతో సరిపోయింది. ముందు ముందు చూసుకోవాల్సింది తూర్పు వైపు. పక్కింటివారు రేకులు తీసి డాబా, దానిపై ఒక అంతస్తు వేస్తే ఎత్తు 24 అడుగులవుతుంది, తూర్పు అడ్డు 9 నుంచి 23 డిగ్రీలకు పెరుగుతుంది. వారి స్థలం 105 డిగ్రీల దిశ దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి దక్షిణం దాకా మడులే. మార్చి తెల్లవారుజామున లగూన్ నెబ్యులా ఉండేది 146 డిగ్రీల దిశలో.